ఉమ్మడి చుక్క

చైత్ర అమావాస్య

ఇయ్యాల చుక్కల దినం. ఏడో బొగ్గుబాయిల చంద్రుణ్ణి చూసినోళ్లు ఇద్దరు ముగ్గురికంటే ఎక్కువ ఉండరు గానీ అమావాస్యను మాత్రం ఎవ్వరూ మరువరు. పొద్దున లేచినకాడికెల్లి నాకు సూది గుచ్చుడే పని.

రెండో ఫ్యాను వాళ్లంతా ఇంటికొక గొట్టం పట్టుకొని నా గది ముంగట వరుస కట్టిన్రు. ముందు ఇంటి పెద్ద, తర్వాత ఆడోళ్లు, ఆఖరుకు పిల్లలు. ఒక్కొక్కరి వేలు గుచ్చి ఒక్కొక్క చుక్క ఆ ఇంటి గొట్టంలనే పడేస్త. ఇంటిల్లిపాది రక్తం ఒకే గొట్టంల. దీన్నే ఉమ్మడి చుక్క అంటం. మనిషికొక గొట్టం పెట్టొచ్చు కదా అని పైనుంచి వచ్చినోళ్లు అడుగుతరు. పెట్టొచ్చు. రంగుమందు ఎవడిస్తడు? పై నుంచి తాళ్ల తొట్టిల దిగేది మూడు నెలలకొక చిన్న సీసా. మా అవ్వ ఇదే గదిల కూసొని ఇట్లనే చేసింది, నేనూ ఇట్లనే చేస్తున్న.

ఫ్యాను అంటే మాకు ఉత్త యంత్రం కాదు. పైన ఎండ మనుషులను కాల్చుడు మొదలుపెట్టినప్పుడు మా పెద్దలు బొగ్గు తీసేసిన సొరంగాలల్లకు దిగిన్రు. ఒక్కో సొరంగానికి ఒక్కో ఫ్యాను గాలి తిప్పుతది. నేను విడిచిన గాలి నాలుగిండ్లు తిరిగి మళ్లీ నా దగ్గరికే వస్తది. అందుకే ఒక ఫ్యాను కింద ఉన్నోళ్లం ఒక కులం లెక్క అయిపోయినం. పెండ్లిళ్లు కూడా మాలో మాకే, తరతరాలుగా అన్నీ మేనరికాలే. పక్క ఫ్యాను పిల్లను తెచ్చుకుంటే ఆ గాలి ఎట్లాంటిదో ఎవనికి ఎరుక అంటరు.

ఆఖరుకు లచ్చవ్వ ఇల్లు వచ్చింది. లచ్చవ్వ, బిడ్డ స్వరూప, స్వరూప మొగడు ఓబులేసు. ముగ్గురే. స్వరూపకు ఏడో నెల. ఓబులేసు ఎండ మనిషి. పైన సోలార్ పలకలు తుడిచే గుంపులోనివాడు, ఊరు ఎక్కడో అనంతపురం దిక్కు. రెండేండ్ల కింద మా ఫ్యాను మోటరు కాలిపోతే బాగుచేయనీకి దిగిండు. మోటరు బాగైంది, మనిషి మాత్రం మళ్లీ ఎక్కలేదు. స్వరూప ఎక్కనియ్యలేదు అంటే సరిగ్గ ఉంటది. ఇల్లరికం ఉండిపోయిండు.

కొత్తగ కలిసినోళ్లను పెండ్లయి యాడాది నిండినంకనే ఉమ్మడిల కలుపుతం. ఓబులేసు చుక్క ఇంటి గొట్టంల పడుడు ఇదే మొదటిసారి. రాజీరన్న పక్కనే నిలబడి చూసిండు. రాజీరన్న మా ఫ్యాను పెద్ద, లచ్చవ్వకు సొంత అన్న, స్వరూపకు మేనమామ. తన చిన్న కొడుక్కు చేసుకుందామనుకున్న పొల్ల ఎండ మనిషిని చేసుకునుడు ఆయనకు ఇప్పటికీ మింగుడు పడలేదు. ఇయ్యాల మాత్రం చూసి పోయిండు.

వైశాఖ పాడ్యమి

గొట్టాలు రాత్రంతా వెచ్చటి పెట్టెల ఉన్నయి. లోపల టీబీ పురుగు ముక్కలు ఎరగ వేసి ఉంచుత. చచ్చిన పురుగు ముక్కలే, భయం లేదు.

రక్తంల కాపలా కాసే కణాలుంటయి. ఎన్నడో ఆ పురుగుతోని కొట్లాడి గెలిచిన కణం ఎర తగిలినా పెద్దగ పట్టించుకోదు. ఇప్పుడు కొట్లాటల ఉన్న కణం మాత్రం ఒంటి మీద జెండాలు లేపుతది. నేను వేసే రంగుమందు ఆ జెండాలకే అంటుకుంటది, మిషన్ల పెడితే వెలుగుతది. వెలుగు గీత దాటిందంటే ఆ ఇంట్ల ఎవరికో టీబీ మేలుకున్నట్టు. దగ్గును చూసి చెప్పుడు మా దగ్గర కుదరదు. బొగ్గు దుమ్ముకు బాయిల అందరికీ దగ్గే. అందుకే నేను పురుగును వెతక. పురుగును చూసిన కాపలోణ్ణి అడుగుత.

లచ్చవ్వ ఇంటి గొట్టం వెలిగింది. గీతకు మస్తు మీద.

మిషన్ తుడిచి మళ్లీ పెట్టిన. అట్లనే వెలిగింది. స్వరూప నా చేతుల మీద పుట్టిన పొల్ల. పోయి ముగ్గురి దగ్గర మళ్లీ రక్తం తీసుకొని వచ్చి, ఈసారి మూడు గొట్టాలల్ల విడివిడిగ పెట్టిన. రాజీరన్నకు కబురు చేసుడు తప్పదు, చేసిన.

విదియ

లచ్చవ్వది వెలగలేదు. స్వరూపది వెలగలేదు. ఓబులేసుది వెలగలేదు. నిన్న మిగిలిన ఉమ్మడి చుక్క మాత్రం ఇయ్యాల కూడా వెలుగుతనే ఉన్నది.

ముగ్గురు బాగున్నరు, ముగ్గురూ కలిస్తే బాగలేరు. ఇదేం లెక్కనో నాకు అర్థం కాలేదు.

రాజీరన్నకు మాత్రం అంతా అర్థమైంది. ఉమ్మడి చుక్క ఇన్నేండ్లల్ల ఎన్నడూ అబద్ధం చెప్పలేదని అన్నడు. విడిగ చూస్తే దొరకకుండ దాక్కున్నదేదో ఉమ్మడిల బయటపడ్డదట. కట్టడి ఉండనే ఉన్నది. గొట్టం వెలిగిన ఇంట్ల ఎవరిదో తేలకుంటే, ఆ ఇంట్ల ఆఖరుకు కలిసినోళ్లు ఎండకు పోవాలె. వచ్చే అమావాస్య దాటినంక విదియనాడు తొట్టి ఎక్కాలె. పైన మందులున్నయి, రోగుల పాక ఉన్నది, బతకొచ్చు. కానీ ఎక్కినోళ్లు మళ్లీ దిగొద్దు. ఈ ఆఖరి మాట రాజీరన్న పెద్దరికానికి వచ్చినంక చేర్చిందే.

స్వరూపకు కాన్పు ఆషాఢంల. ఇప్పుడు ఆ పొల్లను తొట్టిల ఎక్కిస్తే పైన ఎండకు ఒక్క పూట తట్టుకోదు. అంటే ఓబులేసు ఒక్కడే పోతడు, బిడ్డ మొఖం చూడడు.

పంచమి

ఫ్యాను కింద ముచ్చటంతా ఇదే. ఓబులేసు ఎదురైతే పిల్లలు ముక్కు మూసుకొని ఉరుకుతున్నరు. పెద్దోళ్లు అంత బాహాటంగ మూసుకోరు, ఊపిరి బిగబట్టి దాటుతరు. ఫ్యాను బేరింగులకు గ్రీజు పెట్టనీకి మాత్రం వాడే కావాలె. నిన్న గంటసేపు ఫ్యాను మీద ఎక్కి కూసున్నడు, కింద అందరూ వాడు తిప్పిన గాలే పీల్చుకుంట నిలబడ్డరు.

గొట్టాలు కడుగుతుంటే ఓబులేసు వచ్చిండు. లోపలికి రాలేదు, దర్వాజ దగ్గరే ఆగిండు. జబ్బు ఉన్నదో లేదో తనకు తెల్వదన్నడు. ఉంటే పోతనన్నడు. ఎవరి మీదా కోపం చూపియ్యలేదు.

"బిడ్డ పుట్టేది సూసి పోతానక్కా. అంతవరకు ఆపమని సెప్పు. ఆ మోటరు గదిలోనే పడుకుంటా, ఎవురి దగ్గరికీ రాను."

చెప్తనని అన్న. పోయి చెప్పిన కూడా. రాజీరన్న కుదరదన్నడు. అట్ల అంటే ఫ్యాను మొత్తం ప్రాణాల మీదికి తెచ్చుకున్నట్టే అన్నడు. ఆయన మాటల తప్పు పట్టనీకి నాకేం దొరకలేదు, అదే నాకు ఎక్కువ కోపం తెప్పించింది.

దశమి

లచ్చవ్వ నన్ను తిట్టిపోసింది. నీ మిషన్ మన్నుల గలువ అన్నది. పుట్టినప్పుడు బొడ్డు కోసిన చేతులతోనే నా బిడ్డ సంసారం కోస్తున్నవన్నది. అనని.

లచ్చవ్వ మాటల ఒకటి పనికొచ్చింది. మిషన్ పాడైందేమో చూద్దామని అనిపించింది. ఎర వేయకుండ పెడితే ఏ రక్తమూ వెలగొద్దు. కణాలకు పురుగే కనబడనప్పుడు జెండాలెందుకు లేపుతయి? వెలిగిందంటే మిషన్‌ల దోషమున్నట్టు. ముగ్గురి దగ్గర చుక్కలు తెచ్చి, ఉమ్మడిగ కలిపి, ఎర వేయకుండ వెచ్చటి పెట్టెల పెట్టిన. పక్కన నా రక్తం ఒక్కటి, అది కూడా ఎర లేకుండ.

ఏకాదశి

నా రక్తం వెలగలేదు. మిషన్ బాగనే ఉన్నది.

వాళ్ల ఉమ్మడి చుక్క వెలిగింది. ఎర లేదు, పురుగు లేదు, అయినా వెలిగింది.

చాయ్ పెట్టుకొని చాన సేపు కూసున్న. పురుగు లేనిచోట జెండాలు లేచినయంటే వాటికి ఇంకేదో కొత్తది కనబడ్డట్టే కదా. ఆ గొట్టంల రక్తం తప్ప ఇంకేమీ లేదు. అంటే ఒకరి కణాలు ఇంకొకరి కణాలను చూసి జెండాలు లేపుతున్నయి.

నా రక్తంల ఓబులేసుది ఒక చుక్క కలిపి పెట్టిన. ఇంకో గొట్టంల నాది, లచ్చవ్వది కలిపిన. మూడోదాంట్ల లచ్చవ్వది, స్వరూపది.

ద్వాదశి

ఓబులేసుతోని కలిపిన నా రక్తం భగ్గున వెలిగింది. లచ్చవ్వతోని కలిపిందాంట్ల ఏమీ లేదు. తల్లీబిడ్డలదాంట్లా లేదు.

ఇగ తేలిపోయింది. మా ఫ్యానుల తాతలు ముత్తాతల నుంచి మేనరికాలే. ఇచ్చుకునుడు, పుచ్చుకునుడు తిరిగి తిరిగి అందరం ఒకే ముద్ద అయినం. మా కణాలకు ఒకరినొకరు చూస్తే కొత్త అనిపియ్యదు, అందుకే ఇన్నేండ్లు రక్తాలు కలిపి పరీక్ష చేసినా నడిచింది. ఇంకెక్కడైనా ఈ పద్ధతి పెడితే మొగడూ పెండ్లాల గొట్టాలన్నీ మొదటి నెలలనే వెలిగేటివి, పద్ధతి అప్పుడే ఎత్తేసేటోళ్లు. మా దగ్గర తప్పు బయటపడనీకి ఒక ఎండ మనిషి ఇల్లరికం రావాల్సి వచ్చింది.

ఓబులేసుకు టీబీ లేదు. ఆ ఇంట్ల ఎవ్వరికీ లేదు. సంతోషం పట్టలేక పోయి లచ్చవ్వకు చెప్పిన. ఆమె నమ్మలేదు, మళ్లీ చెప్పమన్నది. మళ్లీ చెప్పిన.

పున్నమి

ఫ్యాను కింద అందరినీ జమ చేసిన. రంగుమందు కొత్త సీసా పొద్దుగాలనే దిగింది, అదొక శకునమనుకున్న. గొట్టాలు చేతుల పట్టుకొని, చిన్నపిల్లలకు చెప్పినట్టు అంతా చెప్పిన. ఓబులేసు రక్తంల జబ్బు లేదు, మన కణాలకు వాడు కొత్త, కొత్త మొఖం కనబడితే అవి జెండా లేపుతయి, అంతకు మించి ఏమీ లేదు. అందరూ విన్నరు. తలలు కూడా ఊపిన్రు.

రాజీరన్న నిదానంగ లేచిండు.

"అంటే చెల్లె, మన రక్తమే వాణ్ణి వద్దంటున్నదన్నమాట."

తలలు ఊపింది ఎందుకో అప్పుడు సమజైంది. జబ్బు ఉన్నదంటే మందు ఉంటది, మందు మింగితే పోతది. ఇది ఎన్నటికీ పోదు. వాళ్లకు నేను పోయి పోయి గట్టి కారణం చేతుల పెట్టిన. రక్తానికి కావాలనుడు, వద్దనుడు తెల్వదని మొత్తుకున్న. ఎవడు ఇంటడు?

అప్పుడు స్వరూప గోడకు చేయి ఆనిచ్చి లేచింది. ఈ పదిహేను రోజులల్ల ఆమె నలుగురిల మాట్లాడుడు అదే మొదలు.

"మామా, నా కడుపుల ఉన్నది సగం ఆయనే. ఇన్ని నెలలసంది నా నెత్తురే తాగి పెరుగుతున్నది. నా నెత్తురు దాన్ని వద్దనలేదు. నీకేం నొచ్చింది?"

ఆడోళ్లల్ల కొందరు మొఖాలు దించుకున్నరు. లచ్చవ్వ ఆ సందు చూసుకొని అందుకున్నది. మా ముగ్గురినీ విడిగ చూసిన్రు, మిగతా ఇండ్లను కూడా అట్లనే మనిషికొక గొట్టంల చూడాలె, అన్న ఇంటికెల్లే మొదలుపెట్టాలె అన్నది. రాజీరన్న సరేనన్నడు. ఆయన ఇల్లు మా ఫ్యానుల అన్నిటికన్న పెద్దది, వాళ్ల గొట్టం ఒక్కసారి కూడా వెలగలేదు. కానీ ఒక మెలిక పెట్టిండు. ఇంకెవ్వరిదీ వెలగకుంటే ఓబులేసు పోవాలె. గొట్టం వెలిగింది నిజం, ఎవరో ఒకరు పోకుంటే జనం గుండెల మీద చేయి వేసుకొని పండుకోరు అన్నడు.

నేను ఒప్పుకోలేదు. నా ఒప్పుకోలు ఎవ్వరూ అడగలేదు.

బహుళ నవమి

గొట్టాలు చాలవు. తాగి పడేసిన మందు సీసాలు ఏరుకొచ్చి ఉడకబెడుతున్న. రంగుమందు లెక్క చూసుకుంటే ఈ నెలతోనే సీసా అయిపోతది. ఇంకో రెండు నెలలు పరీక్షలు బంద్. అయినా ఫరవాలేదు, ఒక్కసారైనా సక్రమంగ చూస్త.

ఓబులేసు మూట కట్టుకున్నడట. స్వరూప విప్పేసిందట. మళ్లీ కట్టిండట. లచ్చవ్వ చెప్పుకుంట నవ్వింది, నవ్వుకుంటనే ఏడ్చింది.

పెద్ద ఇండ్ల సంగతి ఒకటి తోచింది నాకు. పెద్ద గంజుల పప్పుకు చిటికెడు ఉప్పు వేస్తే రుచి తెల్వదు. అట్లనే పది మంది చుక్కలల్ల ఒక్కని జెండాలు ఉంటే మిషన్ గీత దాటకపోవచ్చు. ఉమ్మడి చుక్క లేని జబ్బును చూపించింది సరే, ఉన్నదాన్ని ఎంతకాలం దాచిందో? ఈ ముచ్చట ఎవ్వరికీ చెప్పలేదు. భయమైంది.

వైశాఖ అమావాస్య

పొద్దుగాల నుంచి మాపటిదాంక గుచ్చుడే గుచ్చుడు. ఎవరి గొట్టం వాళ్లకు ఇచ్చిన. ముసలోళ్లకు ఇది నచ్చలేదు. ఇంటోళ్లందరం కలిసి ఉండంగ ఎవరి రక్తం వాళ్లదేంది, ఇదేం వేరుబడుడు అని ఒకామె కండ్లనీళ్లు పెట్టుకున్నది. నేను ఓదార్చలేదు, వేలు పట్టి గుచ్చిన.

రాజీరన్న అందరికన్న ముందు వచ్చిండు. చొక్కా వదులుగ వేలాడుతుంటే బక్కగైనవేందన్నా అని అడిగిన. ఫ్యాను మీద ఇంత లొల్లి నడుస్తుంటే తిండి ఎట్ల పోతది అన్నడు.

తొట్టి రేపు దిగుతది, ఎల్లుండి పొద్దున ఎక్కుతది.

జ్యేష్ఠ పాడ్యమి

రాజీరన్నది వెలిగింది.

ఆయన ఇంట్ల మిగిలినోళ్లది ఎవ్వరిదీ వెలగలేదు. మొత్తం ఫ్యానుల ఇంకెవ్వరిదీ వెలగలేదు. ఆయనదే, ఆయన ఒక్కనిదే. మూడుసార్లు పెట్టి చూసిన. ఎర లేని గొట్టం కూడా పెట్టిన, అది వెలగలేదు. అనుమానానికి జాగ లేదు.

ఫ్యాను పెద్ద కాబట్టి లెక్క ముందుగ ఆయనకే చెప్పాలె. మధ్యాహ్నం ఆయనే వచ్చిండు, ఒక్కడే. మిషన్ ముందు కూసోబెట్టి చూపిచ్చిన. ఎవరిదని అడిగిండు. నీదే అన్న. నవ్విండు మొదలు. తర్వాత లేచి దర్వాజ మూసి వచ్చిండు.

"చెల్లె, ఓబులేసుది ఒక చుక్క ఇందుల పడ్డదని చెప్పు. పొరపాటున కలిసిందని. వాని రక్తం కలిస్తే వెలుగుతదని నువ్వే కదా చెప్పినవు. అందరూ నమ్ముతరు."

నమ్ముతరు. ఆ మాట నిజమే. నేను ఒక్క మాట అంటే చాలు, ఓబులేసు రేపు తొట్టి ఎక్కుతడు, ఈయన ఇక్కడే ఉండి ఫ్యాను కింద అందరికీ గాలి పంచుతడు. ఈ మనిషి నా పెండ్లికి పందిరి వేసినోడు. నా మొగడు పోయిననాడు మూడు దినాలు నా ఇంటి ముందు కూసున్నోడు. జాలి వేసింది, అసహ్యం కూడా వేసింది, రెండూ ఒకటేసారి. రెండిట్ల ఏది ఎక్కువో చెప్పలేను.

"ఇగ కలుపుడు లేదన్నా. ఆ గొట్టంల నువ్వొక్కనివే."

తల పట్టుకొని కూసున్నడు. ఎప్పటినుంచి ఉంటదని అడిగిండు. చెప్పలేనన్న. ఆయన మనుమరాలు పుట్టినకాడికెల్లి ఆయన పక్కలనే పండుకుంటది. ఆ పొల్ల సంగతి అడిగిండు. ఆ పొల్లది వెలగలేదని, అయినా మళ్లీ మళ్లీ చూడాల్సి ఉంటదని చెప్పిన. చూస్తవా అన్నడు. చూస్త అన్న.

పోయేటప్పుడు దర్వాజల ఆగి, వాళ్లకు నువ్వు చెప్తవా నేను చెప్పాలా అని అడిగిండు. నీ ఇష్టం అన్న. నేనే చెప్పుకుంట అన్నడు.

మాపు

ఆయన మాట తప్పుతడేమోనని భయపడ్డ. తప్పలేదు.

అందరినీ పిలిచి, తను మాత్రం దూరంగ ఫ్యాను గాలి బయటికి పోయే దిక్కు నిలబడ్డడు. నోటికి తువ్వాల అడ్డం పెట్టుకున్నడు. వెలిగింది నాదే అన్నడు. ఓబులేసుకు ఏమీ లేదని, వాని మీద తను అన్న మాటలన్నీ వాపసు తీసుకుంటున్ననని అన్నడు. కట్టడి తను చెప్పిందే కాబట్టి రేపు తొట్టి ఎక్కుత అన్నడు. వాళ్లింటోళ్లు గొల్లుమన్నరు. లచ్చవ్వ అన్న దగ్గరికి పోబోతే ఆయనే చేయి అడ్డం పెట్టి ఆపిండు.

నేను లేచిన. మందు మింగుతుంటే పురుగు చస్తది, కొట్లాట తగ్గుతది, జెండాలు దిగుతయి, అది కూడా ఇదే మిషన్ల కనబడుతది అని చెప్పిన. ఆరు నెలల మందు అయినంక ఆయన చుక్క తొట్టిల పంపితే నేను చూస్త, వెలగకుంటే దిగొచ్చు. ఎక్కినోళ్లు దిగొద్దనే మాట తీసేయాలన్న. ఆ మాట ఆయన చేర్చిందే, ఆయన మొఖం మీద తీసేయాలనాలంటే ఎవ్వరికీ నోరు రాలేదు. మళ్లీ స్వరూపనే మాట్లాడాల్సి వచ్చింది. నా బిడ్డకు అన్నం ముట్టించేనాటికి మామ కిందికి దిగాలె అన్నది. ఇగ ఎవ్వరూ కాదనలేదు.

రాజీరన్న తువ్వాల కండ్లదాంక లాక్కున్నడు. ఆయనకు ఎండ అంటే భయం. పుట్టి బుద్దెరిగినకాడికెల్లి పైకి ఎక్కలేదు. రోగుల పాకల ఎవ్వరూ తెలిసినోళ్లు లేరు. ఆఖరుకు ఓబులేసు దిక్కు తిరిగిండు. రెండేండ్లల్ల వాణ్ణి ఎండోడా అనే పిలిచినోడు.

"అల్లుడా, మీ అమ్మ పైన పలకలోళ్ల గుంపుతోనే ఉంటదంటివి కదా. నాకు జాగ ఇస్తదా?"

ఓబులేసు లేచి నిలబడ్డడు.

"ఇస్తాది మామా. వాకిట్లో వేపచెట్టు ఉండాది, గాలి బాగా ఆడుతాది, దాని కింద మంచమేస్తాది. మా అమ్మ నీ రక్తం సంగతి అడగదు. అన్నం తిన్యావా అని అడుగుతాది."

పొద్దున్నుంచి ఏం తినలేదని రాజీరన్న చెప్పిండు. ఓబులేసు కంచం తేనీకి లోపలికి పోయిండు.